ఏ చేనుకి ఏ తూము: క్లౌడ్ ఈఆర్‌పీ లోంచి డేటా తోడుకునే దారి ఎంచుకోవడం

మాది పాలకొల్లు. పదకొండేళ్లు హైదరాబాదులో డేటా వేర్‌హౌసుల మీద పనిచేసి, 2020 లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంటుకీ, ఇటు రెండు రైసు మిల్లులకీ రిపోర్టుల పని చూస్తుంటాను. మూడు చోట్లా వచ్చిన తలనొప్పి ఒకటే. ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లూ స్టాకూ ఖాతాలూ అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరు, క్లౌడ్‌లోకి, అంటే అమ్మినవాళ్ల సర్వర్లలోకి పోయింది, మరి మన డేటా మన చేతికి వచ్చేదెలా?

పాత రోజుల్లో ఇదసలు ప్రశ్నే కాదండీ. సర్వరు అకౌంట్స్ గదిలో మూల ఏసీ కింద ఉండేది. ఏం కావాలన్నా నేరుగా డేటాబేసులోకి వెళ్లి తోడుకునేదాన్ని, ఇంటి నూతిలో చేద వేసినంత తేలిగ్గా. క్లౌడ్‌లో ఆ నుయ్యి లేదు. ఒరాకిల్ ఫ్యూజన్ అయినా, నెట్‌సూట్ అయినా, మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ అయినా డేటాబేసు తలుపు మనకి తీయరు. వాళ్లు పెట్టిన తూముల్లోంచి వచ్చిందే నీరు. ఒక్కో తూముకి ఒక్కో కొలత, ఒక్కో వంతు.

నేను మొదట చేసిన తప్పేమిటంటే, తూములన్నీ వరసగా రాసుకుని ఏది గొప్పదా అని చూస్తూ కూర్చున్నాను. ముందు చూడాల్సింది చేను.

చేను చూడటమంటే కంప్యూటరు కట్టేసి మనుషుల దగ్గర కూర్చోవడం. ప్లాంటులో పెద్ద గుమస్తా గారిని అడిగాను: ఈ లెక్క ఎవరు చూస్తారు, ఎన్నింటికి చూస్తారు, ఆ వేళకి రాకపోతే ఏం ఆగిపోతుంది? ఆయన నవ్వి, "అమ్మాయ్, పొద్దున్న ఏడింటికి రాత్రి వచ్చిన సరుకు కౌంట్ల వారీగా కావాలి. మిగతావన్నీ సాయంత్రానికి వచ్చినా కొంప మునగదు" అన్నారు. (కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.) ఆ ఒక్క మాటతో సగం ఖర్చు తగ్గింది. అప్పటిదాకా నేను అన్ని టేబుళ్లూ పదిహేను నిమిషాలకోసారి లాగాలని పథకం వేసుకుని ఉన్నాను.

తర్వాత అడగాల్సింది మొత్తం ఎన్ని లైన్లు ఉన్నాయని కాదు, రోజుకి ఎన్ని మారతాయని. మాకు పాత చరిత్ర పన్నెండు లక్షల లైన్ల పైచిలుకు ఉంది. రోజుకి కొత్తగా వచ్చేవీ మారేవీ కలిపితే రెండు వేలు దాటవు. చరిత్రని ఒక్కసారి తెచ్చుకునే దారి వేరు, రోజువారీ దారి వేరు. రెంటికీ ఒకే దారి వెతికితే రెండూ చెడతాయి.

ఇంకో రెండు ప్రశ్నలున్నాయి, వీటిని సాధారణంగా ఎవరూ అడగరు. పాత లైన్లు మళ్లీ మారతాయా? లైన్లు మాయమవుతాయా? ఈ రెండూ నన్ను ఎంత ఏడిపించాయో కింద చెబుతాను.

ఒక సంగతి. డేటా బయటికి తీయడం మన సరదా కోసం మాత్రమే కాదు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు దాచాలి. ఎలక్ట్రానిక్‌గా ఉన్న పుస్తకాల బ్యాకప్పు మన దేశంలో ఉన్న సర్వర్లో ఉంచాలి, 2022 ఆగస్టు సవరణ నుంచి అది రోజూ జరగాలి. మీ క్లౌడ్ సర్వరు ఏ దేశంలో ఉందో ఆడిటరు గారు అడిగేలోపు మీరే కనుక్కోవడం మంచిది.

ఇక తూముల సంగతి.

రిపోర్టు ఎక్స్‌పోర్టు. తెరమీద రిపోర్టు తీసి ఎక్సెల్‌లోకి దింపడం. ఫ్యూజన్‌లో ఓటీబీఐ అనే రిపోర్టుల సాధనం, నెట్‌సూట్‌లో సేవ్డ్ సెర్చి ఈ కోవలోవి. మా వృత్తిలో వాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు, నేను చూడను. ఏడాదికోసారి ఆడిటుకి, బ్యాంకు వాళ్లు అడిగిన స్టాకు స్టేట్‌మెంటుకి ఇది చాలు. మిల్లుల్లో ఒకదానికి ఇప్పటికీ ఇదే నడుస్తోంది, మార్చమని నేను చెప్పలేదు కూడా. అయితే రోజూ నడిచే పనిని దీనిమీద కట్టకండి. ఎవరో పుణ్యాత్ముడు మధ్యలో ఒక కాలమ్ చేర్చి సేవ్ చేస్తాడు, మీ దగ్గర కిలోల గడిలో రేటు వచ్చి కూర్చుంటుంది. ఎన్ని లైన్లు దింపొచ్చన్నదానికీ పరిమితి ఉంటుంది. మించితే కొన్నిచోట్ల తప్పు చూపించదు, కింద కత్తిరించి ఇచ్చేస్తుంది. అందుకే దింపిన ఫైల్లో చివరి లైను ఏ తేదీదో చూడటం అలవాటు చేసుకోండి.

రెస్ట్ ఏపీఐ. మన ప్రోగ్రాము నెట్ మీద ఈఆర్‌పీని పిలిచి డేటా అడిగే దారి. కొత్త కుర్రాళ్లకి మహా ఇష్టం ఇది. కొంచెం డేటా, తాజాగా కావాలంటే దీన్ని మించింది లేదు. ఎంత కొంచెం అన్నది లెక్కేసి చూడాలి. ఫ్యూజన్‌లో మీరు ఏమీ చెప్పకపోతే ఒక పిలుపుకి 25 లైన్లు ఇస్తుంది, ఎక్కువ అడిగితే 500 దాకా ఇస్తుంది. నెట్‌సూట్‌లో సూట్‌క్యూఎల్ అనే వాళ్ల ప్రశ్నల భాషని రెస్ట్ మీద నడిపితే పేజీకి, అంటే ఒక పిలుపుకి, 1,000, మొత్తానికి లక్ష దగ్గర ఆగుతుంది. డైనమిక్స్ ఫైనాన్స్‌లో ఓడేటా అనే ఏపీఐ పేజీకి 10,000. జోహో బుక్స్‌లో 200. ఇప్పుడు మా పన్నెండు లక్షల చరిత్రని పిలుపుకి 500 చొప్పున తేవాలంటే 2,400 పిలుపులు. ఒక్కోటి రెండు సెకన్లనుకున్నా ఎనభై నిమిషాలు, అదీ మధ్యలో నెట్ పోకుండా ఉంటే. మా పేటలో ఎనభై నిమిషాలు నెట్ పోకుండా ఉండటం గురించి నేను మాట్లాడను. రోజువారీ రెండు వేల లైన్లకి అదే ఏపీఐ నాలుగు పిలుపుల పని.

పేజీలు తిప్పేటప్పుడు ఒక జాగ్రత్త. వరస చెప్పకుండా "మొదటి 500, తర్వాతి 500" అని అడుగుతూ పోతే, మీరు మూడో పేజీలో ఉండగా కాటా దగ్గర ఎవరో కొత్త స్లిప్పు కొడతారు, లైన్లు ఒకటి కిందికి జరుగుతాయి. ఒక లైను రెండుసార్లు వస్తుంది, లేదా అసలు రాదు. మారని నంబరు ఏదైనా ఉంటే దాని వరసలో అడగండి. ఇంకా మంచి పద్ధతి, "ఈ నంబరు కంటే పెద్దవి ఇవ్వు" అని అడగడం.

మూకుమ్మడి ఎక్స్‌ట్రాక్టు. డేటాని ఫైళ్లుగా ఒక్కసారే తోడి ఇవ్వడం. పెద్ద కాలవ ఇదే. ఫ్యూజన్‌లో దీని పేరు బీఐసీసీ. మీకు కావాల్సిన వ్యూ ఆబ్జెక్టులు, అంటే టేబుళ్లలోని డేటాని చూపించే మూసలు, ఎంచుకుని, వేళ పెడితే, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైళ్లని జిప్ చేసి ఒరాకిల్ ఆబ్జెక్ట్ స్టోరేజీలోనో, వాళ్ల కంటెంట్ సర్వర్లోనో పడేస్తుంది. మొదటిసారి మొత్తం, తర్వాత నుంచి మారినవి మాత్రమే. డైనమిక్స్‌లో ఈ పనికి డేటా ప్యాకేజీలూ సినాప్స్ లింకూ, ఎస్ఏపీ ఎస్‌/4 హానా క్లౌడ్‌లో సీడీఎస్ వ్యూలూ ఉన్నాయి. చరిత్ర తేవడానికి కళ్లు మూసుకుని ఈ దారే పట్టండి. ఏపీఐతో ఈదడానికి ప్రయత్నించి ఒక శనివారం, ఒక ఆదివారం పోగొట్టుకున్న మనిషిగా చెబుతున్నాను.

ఇందులో నాకు నచ్చిన సంగతి, డేటా ముందు క్లౌడ్‌లోంచి క్లౌడ్‌లోకే పడుతుంది. 2025 అక్టోబరులో మొంథా తుపానుకి మా వైపు కరెంటు పోయినప్పుడు మా దగ్గరున్న కంప్యూటర్లేవీ నడవలేదు. ఫైళ్లు మాత్రం వాటి మానాన అవి అక్కడ పేరుకున్నాయి. కరెంటొచ్చాక వరసగా తెచ్చుకున్నాం. అదే ఆఫీసు కంప్యూటరు నుంచి ఏపీఐ పిలిచే పని అయ్యుంటే ఆ రోజుల లెక్కకి మళ్లీ మొదట్నుంచి కూర్చోవాలి. నచ్చని సంగతి, వ్యూ ఆబ్జెక్టుల పేర్లు. అవి మనుషుల కోసం పెట్టినవి కావు. ఏ టేబుల్ ఏ పేరు వెనక దాక్కుందో కనుక్కోవడానికే వారం కేటాయించుకోండి.

ఓడీబీసీ, జేడీబీసీ. డేటాబేసులాగే కనిపించే కిటికీ. నెట్‌సూట్‌లో సూట్‌ఎనలిటిక్స్ కనెక్ట్ అనేది ఇదే, దానికి విడిగా డబ్బు కట్టాలి. ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేసుని ప్రశ్నలడిగే భాష, వచ్చిన మనిషి ఒకరు ఆఫీసులో ఉంటే సుఖం. లేకపోతే అలంకారం.

వెబ్‌హుక్కులు, అంటే "ఇదిగో ఇప్పుడే ఒకటి జరిగింది" అని సాఫ్ట్‌వేరే మనకి కబురు పంపడం. కబురుగానే వాడుకోండి, ఖాతాగా వాడకండి. కబురు తప్పిపోతే తప్పిందని చెప్పే కబురు రాదు.

రెడీమేడ్ కనెక్టర్లు, అంటే డేటాని తెచ్చిపెట్టే తయారు ప్రోగ్రాములు, కొనుక్కోవచ్చా అని అడుగుతారు. కొనుక్కోవచ్చు, మనిషి లేనిచోట అవే నయం. కానీ లెక్క ఎలా కడతారో చూడండి. ఫైవ్‌ట్రాన్ లాంటివి నెలలో ఎన్ని లైన్లు కదిలాయన్న దాన్నిబట్టి తీసుకుంటాయి. మా ప్లాంటులో ఒక్కో కొనుగోలు లైనూ పట్టుబడి రోజు నుంచి పేమెంటు దాకా మారుతూనే ఉంటుంది, అలాంటిచోట వచ్చే నెల బిల్లు ఎంతో ఊహించి చెప్పలేం. ముందు కొన్నాళ్లు ఉచితంగా నడిపి చూసి అప్పుడు సంతకం పెట్టండి.

లాగిన్ అయి తెరమీంచి డేటా గీక్కొచ్చే రోబోలని ఎవరైనా అమ్మజూపితే టీ ఇచ్చి పంపేయండి.

దారి ఎంచుకునేటప్పుడు ఆ దారి ఎన్నాళ్లుంటుందన్నది కూడా చూడాలి. డైనమిక్స్ ఫైనాన్స్‌కి ఎక్స్‌పోర్ట్ టు డేటా లేక్ అని ఒకటుండేది, 2024లో దాన్ని తీసేసి వాడేవాళ్లని సినాప్స్ లింకుకి మారమన్నారు. ఎస్ఏపీ వాళ్లు అదే ఏడు 3255746 నంబరు నోటులో, ఓడీపీ ఆర్ఎఫ్‌సీ అనే డేటా తోడే దారిని బయటి సాధనాలు వాడటానికి అనుమతి లేదని రాసేశారు. దానిమీద పైపులు కట్టుకున్నవాళ్లు మళ్లీ తవ్వుకోవాల్సొచ్చింది. కాబట్టి అమ్మేవాళ్లని నోటిమాటగా కాదు, ఈమెయిల్లో అడగండి: ఈ దారికి డాక్యుమెంటు ఉందా, మా లైసెన్సులో దీనికి అనుమతి ఉందా అని.

ఇప్పుడు నన్ను ఏడిపించిన సంగతులు. ఏ సాఫ్ట్‌వేరు అన్నది వదిలేయండి. తప్పులన్నీ నావే, ఏ సాఫ్ట్‌వేరుతోనైనా జరిగేవే.

మొదటిది తేదీ. రొయ్యల పట్టుబడి ఎక్కువగా రాత్రిపూట చల్లవేళ జరుగుతుంది. ఐసు వేసుకుని బళ్లు అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ప్లాంటుకి చేరుతుంటాయి. క్లౌడ్ సాఫ్ట్‌వేర్లు సమయాన్ని సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా పెట్టుకున్న గడియారంలో, దాస్తాయి, మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము అయిదున్నర దాకా కాటా ఎక్కిన ప్రతి బండీ ముందురోజు తేదీతో నా టేబుల్లోకి వచ్చింది. పగలు పనిచేసే కంపెనీలో ఈ తప్పు ఏళ్లతరబడి బయటపడదేమో. మాకు సగం సరుకు ఆ వేళల్లోనే వస్తుంది. అయినా మూడు వారాలు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే రోజులు అటూఇటూ అయినా మొత్తం సరిపోతూనే ఉంది. నెల మారిన రోజు పొద్దున్న, ఒకటో తారీఖు బళ్లు పాత నెలలో కూర్చున్నప్పుడు తెలిసింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నోటుపుస్తకంలో ముప్పై నాలుగు బళ్లు, నా రిపోర్టులో ఇరవై ఒకటి.

దీనికి మందు రెండు ముక్కలు. మారినవి ఏవి అని అడిగేటప్పుడు యూటీసీ సమయాన్నే వాడండి, అడిగేదీ వచ్చేదీ రెండూ యూటీసీ. రిపోర్టుకి మాత్రం యంత్రం కొట్టిన సమయాన్ని వాడకండి, మనిషి రాసిన తూకం తేదీని వాడండి. దానికి గంటా లేదు, నిమిషమూ లేదు, ఏ దేశం గడియారంతోనూ పని లేదు.

రెండోది చెరిపేసిన లైన్లు. కాటా కుర్రాడు ఒక బండిని పొరపాటున రెండుసార్లు ఎక్కించి, చూసుకుని రెండోది చెరిపేశాడు. ఆ రెంటి మధ్యలో నా ఎక్స్‌ట్రాక్టు వచ్చి రెండింటినీ ఎత్తుకెళ్లింది. "మారినవి ఇవ్వు" అని అడిగితే చెరిపేసింది మారినదాని కింద రాదు, అసలు లేదు కదా. పెద్ద గుమస్తా గారు రిపోర్టు చూసి, "అమ్మాయ్, రెండు టన్నుల రొయ్య నీ కంప్యూటర్లోనే ఈదుతోంది, ఐసు ఎవరు వేస్తారు?" అన్నారు.

బీఐసీసీలో దీనికోసమే ప్రైమరీ కీల ఎక్స్‌ట్రాక్టు ఉంది. ప్రస్తుతం బతికున్న లైన్ల నంబర్లన్నీ ఇస్తుంది, మన దగ్గరుండి అందులో లేనివి పోయినట్టు లెక్క. ఆ సదుపాయం లేనిచోట నేను గత నలభై అయిదు రోజుల లైన్ల నంబర్లు మాత్రం రాత్రిపూట తెచ్చి పోల్చుకుంటాను. ఒక్క కాలమ్ మాత్రమే కాబట్టి తేలికే. నలభై అయిదు ఎందుకంటే మా దగ్గర ఆలోపు రైతు పేమెంటు అయిపోతుంది, అయ్యాక ఎవరూ వెనక్కెళ్లి ముట్టుకోరు. మీ దగ్గర ఆ గడువు ఎంతో మీ గుమస్తా గారికి తెలుస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో మార్పుల చిట్టా ఉండి తీరాలన్న నిబంధన ఉంది. ఆ చిట్టాని కూడా బయటికి తీసే వీలుందేమో అడగండి, చెరిపేతల విషయంలో అదే సాక్షి.

మూడోది వీటన్నిటికంటే పాపిష్టిది. చెరువు గట్టున 50 కౌంటని రాసుకున్న సరుకు ప్లాంటులో మళ్లీ తీస్తే 55 తేలుతుంది, రేటు తగ్గుతుంది. లైను మారింది. కానీ ఆ లైను పైనున్న బిల్లు శీర్షిక మీద "చివరిగా మారిన సమయం" మారలేదు. నేను శీర్షికల్ని చూసి, మారినవాటి లైన్లనే తెస్తున్నాను. అలా పాత రేట్లు నా దగ్గర ఉండిపోయాయి. దారి ఖాయం చేసే ముందు టెస్టు ఎన్విరాన్‌మెంటులో, అంటే ప్రయోగాలకని ఇచ్చే నకలులో, ఒక లైను కిలోలు మార్చి, ఎక్కడెక్కడ సమయం కదిలిందో కళ్లారా చూడండి. పది నిమిషాల పని. నేను చేయలేదు.

మారినవి తెచ్చుకునేటప్పుడు కిందటిసారి ఎక్కడ ఆపామో సరిగ్గా అక్కణ్నుంచి మొదలుపెట్టకూడదు. కొంచెం వెనక్కెళ్లి మొదలుపెట్టాలి. మనం అడిగే క్షణానికి సేవ్ అవుతూ ఉన్న లైను, ముందటి సమయంతో తర్వాత కనిపిస్తుంది. బీఐసీసీ ఈ వెనకడుగుని ప్రూన్ టైమ్ అంటుంది, మామూలుగా 1,440 నిమిషాలు, అంటే ఒక రోజు. నేను మిగతాచోట్ల కూడా ఒక రోజే పెట్టుకున్నాను. ఒకే లైను రెండుసార్లు వస్తుంది, రానివ్వండి. నంబరు చూసి పాతదాని మీద కొత్తది రాసుకుంటే సరి.

సరిపోల్చుకోవడానికి రోజూ రెండే అంకెలు: ఎన్ని బళ్లు, ఎన్ని కిలోలు. ఈఆర్‌పీ తెరమీద ఉన్నదీ నా దగ్గరున్నదీ ఒకటి కావాలి. మూడో సాక్షిగా గేటు పుస్తకం. ఈఆర్‌పీకీ నా పైపుకీ ఒకే జబ్బు చేయొచ్చు, ఆ నోటుపుస్తకానికి అంటదు.

లాగిన్ విషయం మర్చిపోబోయాను. ఎక్స్‌ట్రాక్టుని మనిషి పేరుమీదున్న లాగిన్‌తో నడపకండి. ఒక చోట అలాగే నడుస్తుంటే, సంక్రాంతికి ఊరెళ్లిన కుర్రాడు అటునుంచి అటే వేరే ఉద్యోగంలో చేరాడు. హెచ్‌ఆర్ వాళ్లు పద్ధతి ప్రకారం లాగిన్ మూసేశారు, పద్ధతి ప్రకారమే మా రిపోర్టులు ఆగిపోయాయి. ఈ పనికని విడి ఖాతా అడగండి, చదివే హక్కు మాత్రమే ఇవ్వమనండి, పాస్‌వర్డు గడువు ఎప్పుడో క్యాలెండర్లో రాసుకోండి. ఆ ఖాతాకి రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు కనిపించనక్కర్లేదు. కౌంట్ల రిపోర్టుకి వాటితో పనేముంది? తెచ్చుకోనిది మన దగ్గర్నుంచి పోదు కూడా.

ఫ్యూజన్ వాడేవాళ్లకి ఏడాదికి నాలుగు అప్‌డేట్లు వస్తాయి, అసలుదానికంటే రెండు వారాల ముందు టెస్టుదానికి. ఆ రెండు వారాల్లో ఒకసారి ఎక్స్‌ట్రాక్టు నడిపి కాలమ్‌లు లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు మా ప్లాంటులో ఏం నడుస్తోందంటే, కాటా లైన్లు పొద్దున్న ఆరున్నరకి ఏపీఐలో వస్తాయి. పేమెంట్లు, స్టాకు, ఖాతాలు రాత్రి పదకొండుకి మూకుమ్మడి ఎక్స్‌ట్రాక్టులో. మొత్తం చరిత్రని ఏడాదికోసారి, ఏప్రిల్‌లో కాలవలు కట్టేసే రోజుల్లో, మళ్లీ మొదట్నుంచి తెచ్చి పాతదానితో పోలుస్తాను. కిందటేడు పోల్చితే పదకొండు లైన్లు తేడా వచ్చాయి. తొమ్మిదింటికి కారణం దొరికింది.

ఇంకా ఒప్పందం మీద సంతకం పెట్టనివాళ్లయితే, ఇదొక్కటి ఇప్పుడే అడిగి రాయించుకోండి: మేం వదిలి వెళ్లిపోతే మా డేటా ఏ రూపంలో ఇస్తారు, వెళ్లాక ఎన్ని రోజులు ఉంచుతారు, జతచేసిన కాటా స్లిప్పుల ఫొటోలు కూడా ఇస్తారా? ఆ మూడోది మా మిల్లుల్లో ఒకదానికి రాసుకోవడం మర్చిపోయాం. ఆ స్లిప్పులు నేనిప్పుడు ఒక్కొక్కటిగా దింపుకుంటున్నాను, రోజుకి రెండొందలు.